అల్లుడి నోట అడవికోడి

నా ఒళ్ళు జానెడు, నా వృత్తి అబద్ధమాడటం. నేను ఒక వెదురు ఈలను. మొదట్లోనే ఇలా ఒప్పేసుకున్నానని నన్ను తక్కువగా చూడకండి. నన్ను చేసిన మనిషీ, నన్ను ఊదిన మనిషీ అబద్ధాలు ఆడినవాళ్ళే, కాకపోతే వాళ్ళు ఒప్పుకోలేదు. నేను అడవిపుంజులా కూస్తాను. ఇంటి పుంజు చివరి కూతను సాగదీసి సాగదీసి, ఊరంతా విన్నదని నమ్మకం కుదిరాక గాని వదలదు. అడవిపుంజు చివర ఠక్కున తెంపేస్తుంది. నా విద్యంతా ఆ తెంపులోనే ఉంది.

విశాఖ మన్యంలో, పాడేరు దాటి ఇంకా పైకి వెళితే నేరేడుగెడ్డ అనే ఊరు ఉండేది. గెడ్డ అంటే అక్కడివాళ్ళకు కొండవాగు. వాగు పక్కన పాతిక ఇళ్ళు. ఆ ఊళ్ళో సుక్రన్న అనే వేటగాడు ఒక మాఘమాసంలో, పురుగు పట్టకుండా అమావాస్య ముందురోజు చూసుకుని వెదురు బొంగు నరికాడు. రెండు నెలలు పొయ్యి మీద పొగలో వేలాడదీశాడు. ఆ బొంగులోంచి ఇద్దరం పుట్టాం, నేనూ నా తమ్ముడూ. సుక్రన్న ముందు నన్ను ఊది మొహం చిట్లించాడు. తరువాత తమ్ముణ్ణి ఊదాడు, మొహం విప్పారింది. తమ్ముడు ఆయన మొలతాడుకు ఎక్కాడు, నేను చూరుకు ఎక్కాను. నా గొంతు కొంచెం బొంగురట.

అలా పదేళ్ళు చూరులో దోపబడి ఆ ఇంటి సంసారం చూశాను. మనుషులు చూరు కింద ఏం మాట్లాడుకున్నా పైన ఎవరూ లేరనే అనుకుంటారు. సుక్రన్న, ఆయన భార్య పోలమ్మ, వాళ్ళకు ఒక్కతే కూతురు చిలకమ్మ. పొద్దున్న చోడి అంబలి, సాయంత్రం జీలుగు కల్లు, మధ్యలో కొండపోడు. సుక్రన్న కళ్ళకు మెల్లగా మబ్బు పట్టడం, చెవులు మందగించడం ఆయనకంటే ముందు నేనే కనిపెట్టాను. పోలమ్మ మాటలకు ఆయన తల ఊపటం ఎక్కువైంది. వినపడక ఊపుతున్నాడని ఆమెకు తెలియదు, ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందనుకుని సంతోషించింది.

ఇప్పుడు మీకు ఇటుకల పండగ అనే వేట పండగ గురించి చెప్పాలి. చైత్రమాసంలో, పొలంలో విత్తనం పడకముందు ఆ కొండల్లో మగవాళ్ళందరూ విల్లంబులు పట్టుకుని వేటకు వెళతారు. ఏదో ఒకటి కొట్టినవాణ్ణి డప్పులతో ఊళ్ళోకి తీసుకొస్తారు. వట్టిచేతులతో వచ్చినవాడికి వేరే మర్యాద ఉంటుంది. ఊరి మొగలో, మా చూరుకు కనిపించేంత దగ్గర్లో, దారికి అడ్డంగా కర్ర కట్టి, ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉంటారు. ఎవరింటి మగవాడి మీద ఆ ఇంటి ఆడది మొదటి కుండ పోయాలి. ఆపైన ఊరందరిదీ. తిట్లు కూడా కుండల్తో పాటే వస్తాయి. ఏడాదంతా మగవాళ్ళకు అన్నం వండిపెట్టే ఆడవాళ్ళకు అది ఒక్కటే సెలవురోజు. వాళ్ళలో సగంమంది వేట దొరకకూడదనే మొక్కుకుంటారని నా అనుమానం.

సుక్రన్న మీద మాత్రం ముప్పయ్యేళ్ళలో చుక్క పేడ పడలేదు. ఆయన ఏనాడూ వట్టిచేతులతో రాలేదు.

ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాడు లోవరాజు. వాళ్ళ కులంవాడే, కాని వాళ్ళ తాతలనాడే కొండ దిగి మైదానం అంచున స్థిరపడిన కుటుంబం. విల్లు పట్టటం ఎప్పుడో మరిచిపోయారు. లోవరాజు బెల్లం గానుగ దగ్గర పాకం చూసేవాడు. పెనంలో చెరకురసం ఉడుకుతుంటే కళ్ళు మూసుకుని కూర్చుని, బుడగల చప్పుడు విని, ఇక దించండి అనేవాడట. బెల్లం అమ్మడానికి కొండ మీది సంతకు వచ్చి చిలకమ్మను చూశాడు. తరువాతి మూడు సంతలకూ ఆ బెల్లం ఎవరికి అమ్మాడో, ఎంతకు అమ్మాడో అతనికే గుర్తులేదు. ఒక్కతే కూతురు కాబట్టి నువ్వే రావాలని సుక్రన్న అన్నాడు. వచ్చేశాడు.

మొదటి ఏడు పండక్కి మామ వెంట అడవికి వెళ్ళాడు. వట్టిచేతులతో వచ్చాడు. ముందు నడిచిన నలుగురినీ ఆడవాళ్ళు తడిపి ముద్ద చేశారు. లోవరాజు కూడా తువ్వాలు నడుముకు బిగించి, కళ్ళు చిట్లించుకుని సిద్ధంగా నిలబడ్డాడు. ఆడవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. చిలకమ్మ చెంబుతో కాళ్ళకు మంచినీళ్ళు తెచ్చింది. పోలమ్మ చాప పరిచింది.

"కూకోండి బాబూ, అలిసిపోయినారు," అంది.

కూర్చున్నాడు. చుట్టూ మగవాళ్ళు చెవుల్లోంచి పేడ తీసుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పగలబడి నవ్వుకుంటున్నారు. తెల్లటి పంచెలో అతనొక్కడే శుభ్రంగా ఉన్నాడు. మరక అంటుతుందని కాబోలు, అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ మనిషి అంత సిగ్గుపడటం నేను అంతకుముందు చూడలేదు.

రెండో ఏడూ అంతే జరిగింది. అదే చెంబు, అదే చాప, అదే "కూకోండి బాబూ." ఆ సాయంత్రమే లోవరాజు చూరులో చెయ్యి పెట్టి నన్ను లాగాడు.

"మావా, నాకు కూత నేర్పు," అన్నాడు.

సుక్రన్నకు అల్లుడంటే చచ్చేంత ఇష్టం. ఇష్టం ఉన్నచోట ఆయన మర్యాద ఎక్కువ చేస్తాడు, అదే ఆయన తెగులు. "మీకెందుకండీ అల్లుడుగోరూ ఈ కష్టం," అంటూనే పెరట్లోకి తీసుకెళ్ళాడు. నేర్పేటప్పుడు మాత్రం మర్యాద పక్కన పెట్టేవాడు.

"ఊదటం సిన్న గుంటలకీ వచ్చు. తెంపటం నేర్సుకోండి. తెంపు... ఆఁ, ఇంకా బేగి తెంపు! అది కోడా, కొక్కిరాయా?"

నెలరోజులు నా ప్రాణం తీశారు ఇద్దరూ. నా కూత విని పెరట్లో పెట్టలు కంగారుపడి గంపల కింద దూరాయి. ఇంటి పుంజు మాత్రం దీన్ని సొంత విషయంగా తీసుకుంది. రెండుసార్లు వచ్చి లోవరాజు పిక్కను గోళ్ళతో చీరింది. అతను సంబరపడ్డాడు, కూత కుదురుతోందన్నమాట అని. ఒకరోజు ఉన్నట్టుండి అతని మొహం వెలిగిపోయింది.

"పాకం ముదిరే ముందు ఒక బుడగ ఠప్పున తెగుద్ది మావా. ఇదీ అదే తెంపు కాదేటి?"

సుక్రన్నకు బుడగ సంగతి అర్థం కాలేదు. అయినా ఆ తరువాత వచ్చిన కూత వినగానే మబ్బుపట్టిన కళ్ళు పెద్దవి చేసుకుని అడవివైపు తిరిగాడు, అక్కడేదో పుంజు కూసిందనుకుని. పదేళ్ళు చూరులో మాడిన నాకు ఆ క్షణం ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. బొంగురు గొంతు అన్నాడుగా, ఇప్పుడు చూడమనండి.

తరువాత నియమాలు చెప్పాడు. చైత్రంలో పుంజుకు ఒళ్ళు తెలియదు, ఇంకో పుంజు కూత వింటే తన హద్దులోకి ఎవడొచ్చాడని దెబ్బలాటకు వస్తుంది. కాబట్టి మూడుసార్లు కూసి నోరు మూసుకోవాలి. మరీ మరీ కూయకూడదు. కూర్చున్న చోటు వదలకూడదు. ఎర్రగుడ్డ ఒంటి మీద ఉండకూడదు, అడవిలో ఎర్రగా కదిలేదల్లా వేటగాడి కంటికి పుంజు జుట్టే. లోవరాజు బడిపిల్లాడిలా అన్నీ వల్లెవేశాడు.

ఈ వేట అతనికి సరదా కాదని నాకొక్కడికే తెలుసు. మూడో పండక్కి నెల ఉందనగా, మళ్ళీ పనికి రమ్మని గానుగ యజమాని సంతలో కబురు పంపాడు. లోవరాజు రెండు పంచెలు, పాకం కలిపే గరిటె ఒకటి మూటకట్టి అటక మీద పెట్టాడు. నన్ను తుడుస్తూ, ఎవరూ లేరనుకుని, పైకే అన్నాడు.

"ఈ ఏడు పుంజుని కొట్టేనా, ఈ ఇంటి మనిషిని. నేదా, ఎల్లిపోతాను. సుట్టంలాగ ఎన్నాళ్ళుంటాను?"

మూటను ముందు చిలకమ్మ చూసింది. చూసి, దాని మీద గోనెసంచి కప్పింది. నాలుగు రోజులకు సుక్రన్న చూశాడు. గోనె తీసి, మూట తడిమి, మళ్ళీ కప్పాడు. ఆ ఇంట్లో ముగ్గురికీ మూట సంగతి తెలుసు, ముగ్గురూ ఒకరికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదనుకున్నారు. ప్రేమ ఎక్కువైతే మనుషులకు మాట పడిపోతుంది కాబోలు. నాకు మాట రావాలంటే ఊపిరి అరువు తెచ్చుకోవాలి. వాళ్ళ ఊపిరి వాళ్ళ దగ్గరే ఉందే, ఇంకేం కావాలని విసుక్కునేవాణ్ణి.

పండగ రోజు తెల్లవారుతుండగా అందరూ బయలుదేరారు. గుమ్మంలో చిలకమ్మ మొగుణ్ణి ఆపింది. పెళ్ళినాటి ఎర్ర తువ్వాలు తీసి అతని తలకు తానే చుట్టింది.

"ఇది ఉంటే కలిసొస్తాది," అంది.

వద్దనటానికి నోరు తెరిచాడు లోవరాజు. ఆమె మొహం చూసి మూసుకున్నాడు. ఒక నియమం గుమ్మం దాటకముందే పోయింది.

అల్లుణ్ణి గెడ్డ పక్కన పొదలో కూర్చోబెట్టి, తాను పడమటి గట్టుకు వెళుతున్నానని చెప్పి సుక్రన్న వెళ్ళిపోయాడు. ఇప్పపూల వాసన అడవంతా కమ్ముకుంది. వెలుగు వచ్చాక లోవరాజు నన్ను పెదాలకు ఆనించి మూడుసార్లు కూశాడు. చక్కగా తెంపాడు. నోరు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత దూరంగా, పడమటి నుంచి, జవాబు వచ్చింది.

అది వినగానే నా పీచు పీచూ వణికింది. ఆ గొంతు నాకు తెలుసు. ఒకే బొంగులో నా పక్కన పెరిగిన గొంతు అది, నా తమ్ముడు!

జరిగింది ఇదీ. సుక్రన్న పడమటి గట్టుకు వెళ్ళింది తన వేటకు కాదు. అల్లుడు వట్టిచేతులతో వస్తే మూట దించుకుని పోతాడని ఆయన గుండెల్లో రాయి పడింది. అటువైపు పుంజు ఏదైనా ఉంటే తన కూతతో రెచ్చగొట్టి, మెల్లగా గెడ్డవైపు, అల్లుడి బాణం ముందుకు తోలుకొద్దామని బయలుదేరాడు. ఆ మందపు చెవులకు నా కూత వినపడింది. కూత ఏ మూలదో పోల్చుకోలేక, ఆహా, దగ్గర్లోనే దొరికిందిరా పుంజు, నేనే కొట్టి అల్లుడి చేతిలో పెడతాను అనుకున్నాడు. ఇటు లోవరాజు, పుంజు వస్తోందిరా అనుకున్నాడు.

ఇంకో నియమం ఇక్కడ పోయింది. పెద్దవాళ్ళు పిలిస్తే పలకాలని పెంచిన కొంప నుంచి వచ్చాడు కదా, అవతల కూత వినపడిన ప్రతిసారీ లోవరాజు బదులిచ్చాడు. అటు కూత, ఇటు కూత. కూత కూతకూ సుక్రన్న దగ్గరకు వస్తున్నాడు. విల్లు ఎక్కుపెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ. ఇటు ఇతనూ విల్లు ఎక్కుపెట్టి, నన్ను పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. ఒద్దురా నాయనా, అది మా తమ్ముడు, వాడి వెనక మీ మామ ఉన్నాడు, అని నేను ఎంత మొత్తుకున్నా బయటికి వచ్చేది కోడికూతే. అబద్ధం తప్ప ఏమీ చెప్పలేని పుట్టుక ఎంత నరకమో ఆ పొద్దున తెలిసింది.

పాతిక అడుగుల దూరంలో పొద కదిలింది. సుక్రన్నకు మసకగా, ఆకుల మధ్య, ఎర్రగా ఏదో ఆడుతూ కనిపించింది. పెళ్ళినాటి తువ్వాలు. నారి చెవి దాకా లాగాడు. నోట బిగించిన తమ్ముడితో ఆఖరుగా ఒకసారి కూశాడు, పుంజు తలెత్తుతుందని. లోవరాజు వెంటనే, చక్కగా, వినయంగా బదులిచ్చాడు.

సుక్రన్న చెయ్యి ఆగింది.

ముప్పయ్యేళ్ళలో ఆయన వందల పుంజుల్ని చూశాడు. దగ్గరకొచ్చిన పుంజు కూయదు, గప్‌చుప్‌గా వస్తుంది. అడిగిన ప్రతిదానికీ బదులిచ్చే పుంజును ఆయన పుట్టి ఎరగడు. ఇంత మర్యాదస్తుడు ఈ కొండ మీద ఎవడున్నాడు? విల్లు దించి, కోడికూత మాని, మనిషి గొంతుతో నెమ్మదిగా అడిగాడు.

"ఒరే కోడీ... నువ్వు మా అల్లుడివేటి?"

పొదలోంచి ఎర్ర తువ్వాలు కొంచెం పైకి లేచింది.

"ఔను మావా," అంది కోడి.

ఆ మాటతో వాళ్ళిద్దరి నెత్తిమీది నేరేడు కొమ్మ దద్దరిల్లింది. నిజమైన అడవిపుంజు, నిప్పురంగు మెడ, గుబురు తోక, టపటపా రెక్కలు కొట్టుకుంటూ లేచి గెడ్డ అవతలికి వెళ్ళిపోయింది. తన హద్దులో దెబ్బలాడుకుంటున్న వాళ్ళెవరో చూద్దామని వచ్చి, అప్పటిదాకా పైన కూర్చుని విన్నట్టుంది. లోవరాజు బాణం వేశాడు. అది కొమ్మకు తగిలింది.  సుక్రన్న పుంజు వైపు చూడనే లేదు. పాకుతూ వచ్చి అల్లుడి తల మీది తువ్వాలు లాగేసి, ఆ తల రెండు చేతులతో తడిమి చూసుకున్నాడు.

"ఎర్రగుడ్డ కట్టొద్దని సెప్పినానా నేదా? సెప్పినానా? నా కూతురికి ఏటి సెప్పుకుందునురా సన్నాసీ!"

"అదే కట్టింది మావా."

సుక్రన్న ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వటం మొదలుపెట్టాడు. లోవరాజుకూ నవ్వు ఆగలేదు. ఇద్దరూ గెడ్డ ఒడ్డున చతికిలబడి, ఒకడు కూత కూస్తే ఇంకొకడు బదులిచ్చి, పొట్టలు పట్టుకున్నారు. నేనూ తమ్ముడూ పదేళ్ళ తరువాత పక్కపక్కన చేరాం. మా ఇద్దరికీ ఊపిరి ఆడలేదు, అది వేరే సంగతి.

నవ్వయ్యాక లోవరాజు మొహం మళ్ళీ వాడిపోయింది. చేతులు వట్టివే కదా.  ఊరి మొగలో చెంబూ చాపా కాచుకుని ఉంటాయని అతనికి తెలుసు. నన్ను మొలలో దోపుకున్నాడు, నాకు అతని గుండె చప్పుడు వినపడుతూనే ఉంది.

అడ్డకర్ర దగ్గర ముందు సుక్రన్న నిలబడ్డాడు. వట్టిచేతులు చూసి ఆడవాళ్ళు ఒక్క క్షణం నమ్మలేకపోయారు. తరువాత పోలమ్మ ముందుకు వచ్చింది. ఆ ముసలి మొహంలో అంత సంతోషం పెళ్ళినాడైనా ఉండి ఉండదు.

"ముప్పయ్యేళ్ళు కుండ కలిపి పారబోసుకున్నాను. దొరికినావు కాదేటి ఇయ్యాళ!"

కుండెడూ నెత్తిన గుమ్మరించింది. ఆ వెనక ఊరు ఊరంతా ఆయన మీద పడింది. అన్నాళ్ళ బాకీ ఒక్కసారే తీరింది. తరువాత లోవరాజు వంతు వచ్చింది. ఆడవాళ్ళు ఎప్పట్లాగే పక్కకు తప్పుకున్నారు. చిలకమ్మ చెంబు పట్టుకుని వచ్చి వంగింది.

లోవరాజు కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నన్నెందుకు ఒగ్గేసినారు?" అన్నాడు. గొంతు నాకంటే బొంగురుగా ఉంది. "మూడేళ్ళయింది. అందరి మీదా పోస్తారు. నా మీద ఒక్క సుక్క పొయ్యరు. నాను ఈ ఊరోణ్ణి కానేటి?"

చిలకమ్మ చెంబుతో లేచి నిలబడింది.

"కొండమ్మొదిన అల్లుడికి అలగే పోసినారు," అంది. "ఆడూ కింద ఊరోడే. కోపమొచ్చి తెల్లారేసరికి ఎల్లిపోనాడు, మరి రానేదు. నువ్వూ ఎల్లిపోతావని బయ్యమేసి... అందర్నీ నానే ఒద్దన్నాను. దండమెట్టి ఒద్దన్నాను. అయినా మూట కట్టేసుకున్నావు."

"పొయ్యలేదనే కట్టినాను," అన్నాడు లోవరాజు.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మూడేళ్ళపాటు ఒకే చూరు కింద పడుకున్న మనుషులు వీళ్ళు.  పేడ కారుతున్న గడ్డంతో సుక్రన్న ఒక్కడే, ఏం వినపడక, అటూ ఇటూ చూస్తూ అరిచాడు.

"ఆడికి పొయ్యరేటి? ఆడు నాకంటే పెద్ద కోడి!"

చిలకమ్మ చెంబు కింద పెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, పక్కనున్న కొండమ్మ చేతిలోంచి నిండు కుండ అందుకుంది. రెండు చేతులా పైకెత్తింది.

"మూడేళ్ళది," అంటూ ధారగా పోసింది. నుదుటి మీద, కళ్ళ మీద, భుజాల మీద. పోస్తూ తిట్టింది కూడా. చేతకానోడా అంది, కొక్కిరాయా అంది, నన్నొగ్గేసి ఎల్దామనుకున్నావా అంది. ఆపైన వెనకనుంచి ఊరి కుండలన్నీ వచ్చి పడ్డాయి. లోవరాజు కళ్ళు మూసుకుని, పాకం వినేవాడిలా తల కొంచెం వంచి, కదలకుండా నిలబడ్డాడు. అంతా అయ్యాక మగవాళ్ళు చెయ్యి పట్టి లాక్కెళ్ళి తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. ఒకడి భుజం ఇతనికి ఆనుకుంది, ఇంకొకడు ఇతని చెవిలోంచి పేడ తీశాడు. ఆ సాయంత్రం మార్చుకోవటానికి పంచె కావలసి వచ్చి, మూట విప్పాడు.

అతని మొలలో ఉన్నాను కాబట్టి నాకూ నిండా పడింది. మూడురోజులు కూత రాలేదు. తరువాత చాలా ఏళ్ళు ఇద్దరం పండక్కి వెళ్ళాం. అతను కొన్ని పుంజులు కొట్టాడు, ఎక్కువసార్లు తడిసి వచ్చాడు. వేట కూడదని సర్కారువారి చట్టం వచ్చాక విల్లులు అటకెక్కాయి, నేను మళ్ళీ చూరుకెక్కాను. సుక్రన్న పోయినప్పుడు తమ్ముణ్ణి ఆయన మొలతాడుతోనే పంపించారు. లోవరాజూ చిలకమ్మా కూడా కాలం చేశారు. ఇప్పుడు నన్ను పట్నంలో ఒక మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టారు.

నిరుడు ఒక అమ్మాయి తెల్ల చేతితొడుగులు వేసుకుని, చిన్న కుంచెతో నన్ను శుభ్రం చేసింది. ఒళ్ళంతా తుడిచింది, చాలా ఓపిక గల పిల్ల. నా గొంతు లోపల, పీచు వెనక మూలన, ఎండి రాయిలా అయిన పేడ తునక ఒకటి ఉంది. కుంచె అక్కడిదాకా వచ్చింది. అది అందకూడదని మొక్కుకున్నాను. అందలేదు.